గాలిని తూచుట

(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగ పాఠము)

 

ప్రతి సంవత్సరము ఈ వేదికపై నేను పాఠశాల నివేదికను చదువుట ఆచారము. ఈసారి నివేదిక ప్రతులు తమ చేతులలోనే యున్నవి. హాజరు, ఉత్తీర్ణుల సంఖ్య, పైకప్పు మరమ్మతు మొదలగునవి అందు గలవు. వానిని మరల చదివి తమ కాలమును హరింపను. నేను చేసిన యొక తప్పును సభాముఖమున చెప్పి దిద్దుకొనుటకు అనుమతి వేడుచున్నాను.

కొన్ని సంవత్సరముల క్రిందట ఏడవ తరగతి బాలిక యొకతె రెండు పుస్తకములు చంకనిడుకొని నా గదికి వచ్చినది. ఒకటి ఆమె సైన్సు పుస్తకము. రెండవది ఆమె తండ్రి చిన్ననాట చదివినది. అటుకమీదినుండి దింపినది, అంచులను చెదలు తినివేసినది. "సార్, గాలిలో బొగ్గుపులుసు వాయువు మా నాయన పుస్తకములో నూటికి 0.03 పాళ్లని యున్నది. నా పుస్తకములో 0.04 అని యున్నది. ఏది తప్పు సార్?" అని యడిగినది. నేను ఆనాడు మధ్యాహ్న భోజనపు బియ్యపు లెక్కలలో మునిగియుంటిని. "పాతదానిలో అచ్చుతప్పు పడియుండును, పోమ్మా" అంటిని. ఆ బిడ్డ మారుమాటాడక వెడలిపోయినది.

సాయంకాలము ఇంటికి పోవుచుండగా నాకు తోచినది: నేనును బడిలో చేరినది మొదలు ఎన్నో యేండ్లు 0.03 అనియే గదా పాఠము చెప్పితిని! అచ్చుతప్పునే అన్ని తరగతులకు వల్లె వేయించితినా? నేను మడకశిరలో ఇంటర్మీడియట్‌తో చదువు చాలించినవాడను. రసాయన శాస్త్రమున నా పాండిత్యము అంతమాత్రమే. అయినను బెంగుళూరున చదువుకొనుచున్న నా మేనల్లుని చేత కొన్ని వ్యాసములు తెప్పించుకొని, నిఘంటువు ప్రక్కన బెట్టుకొని చదివితిని. తెలిసినది ఇది: రెండు పుస్తకములును ఒప్పే. ఆ రెంటి నడుమ గాలియే మారినది.

కార్బన్ డయాక్సైడును మన పెద్దలు బొగ్గుపులుసు వాయువనిరి. కన్నడ సోదరులు బొగ్గును ఇంగాలమందురు. వారి పాఠములలో కార్బనము పేరు అదియే. మన తెలుగునను నిప్పుకణికకు ఇంగలమను మాట గలదు. ఇరుగుపొరుగు భాషలు రెండును ఈ వాయువును పొయ్యి దగ్గరనే గుర్తుపట్టినవి. దాని పాలు గాలిలో స్వల్పము గనుక నూటికి ఇన్ని యని చెప్పుట కంటె పది లక్షల పాళ్లకు ఇన్ని యని చెప్పుట సుకరము. 0.03 అనగా పది లక్షలకు 300. హవాయి దీవులలోని మౌనా లోవా పర్వతముపై 1959వ సంవత్సరపు సగటు 316. అదే స్థలమున 2024వ సంవత్సరపు సగటు 424కు పైన. అనగా 0.04 దాటినది. ఆ బాలిక తండ్రి బడిలో నున్ననాడు 350 ప్రాంతమున నుండెను. దానిని 0.03 అని వ్రాసినవారు పాత లెక్కను నిలుపుకొనిరి, అంతే.

నేను తెలిసికొన్న దానిని ఆ బాలికకు చెప్పితిని. ఆ మాట వారి యింటికి చేరినది. తరువాత ఆమె తండ్రియే నా వద్దకు వచ్చెను. ఆయనకు తిరుమణి వైపున మెట్టభూమి గలదు. ఆ ప్రాంతమున తిరుమణి, వళ్లూరు, బళసముద్రము, క్యాతగానచెర్లు, రాయచెర్లు అను అయిదు గ్రామముల భూమి సుమారు 13,000 ఎకరములు సూర్యవిద్యుత్ క్షేత్రము క్రిందికి పోయిన సంగతి తమ కెల్లరకును తెలిసినదే. (చెరువులు ఎండినను చెర్లు అను పేరు ఊళ్లకు మిగిలినది.) 2018లో విద్యుదుత్పత్తి మొదలై, 2019 చివరకు క్షేత్రము పూర్తియైనది. దాని సామర్థ్యము 2,050 మెగావాట్లు. భూమిని అమ్మించక, 28 సంవత్సరముల కౌలునకు తీసికొని, మొదట ఎకరమునకు సాలునకు 21,000 రూపాయల చొప్పున ఇచ్చిరి. ఆ రైతు నన్నడిగిన ప్రశ్నను ఆయన మాటలలోనే చెప్పెదను: "అయ్యవారూ, మా నేలంతా అద్దాలు పరిచినారు. ఇవి గాలిని బాగు చేస్తాయంటారు. గాలి చెడిందని ఎవరు చూసినారు? దాన్ని ఎవరన్నా తూకమేసినారా?"

ఎకతాళికై అడిగిన ప్రశ్న కాదది. శనక్కాయ వేసిన నేలను ఒక తరమునకు వదలుకొన్నవాడు అడిగిన ప్రశ్న. నేను ఆయనకు చెప్పిన యుత్తరము: తూకము వేసిరి. తూచినందువలననే మనకు ఈ సంగతి తెలిసినది. ఎట్లు తూచిరో చెప్పుటకే ఈ ప్రసంగము.

ముందుగా ఒక భేదమును గుర్తింపవలెను. కళ్లములో కాయల రాశి యున్నది. కుంచముతో కొలిచినచో రాశి ఎంతయో తెలియును. అది ఎవని చేనిదో కుంచము చెప్పదు. ఎవని చేనిదో తెలియవలెనన్న కాయను పరీక్షింపవలెను. గాలి విషయమునను ఇట్లే. వాయువు ఎంత యున్నదను ప్రశ్న వేరు. పెరిగిన భాగము ఎచ్చటినుండి వచ్చినదను ప్రశ్న వేరు. మొదటిదానికి పరారుణ కిరణముల యంత్రము చాలును. ఈ వాయువు ఆ కిరణములను మ్రింగును గనుక, ఎంత మ్రింగినదో చూచి పాలు కట్టుదురు. రెండవ ప్రశ్నకు తక్కెడ కావలెను. ఆ తక్కెడ పేరు ద్రవ్యరాశి వర్ణపటమాపకము. ఆంగ్లమున మాస్ స్పెక్ట్రోమీటరు అందురు. పేరు భయపెట్టును గాని పని మనకు పరిచితమే.

కార్బన పరమాణువులు అన్నియు ఒక్క బరువు కలవి కావు. నూటికి తొంబది తొమ్మిది వంతులు 12 బరువు కలవి. ఇంచుమించు ఒక వంతు మాత్రము 13 బరువు కలవి. రసాయన గుణములలో రెండును ఒక్కటే. బరువు మాత్రమే భేదము. కవలలలో నొకడు కాస్త లావైనట్లు. వీనిని ఐసోటోపులందురు. ఆమ్లజని పరమాణువు సాధారణముగా 16 బరువు కలది. ఒక కార్బనము, రెండు ఆమ్లజనులు కలిసినచో 12, 16, 16 వెరసి 44. కార్బనము 13 దైనచో 45. ఆమ్లజనులలో నొకటి 18 బరువు దైనచో 46. కనుక ఒకే వాయువున మూడు తూనికల అణువులు ముఖ్యముగా గలవు. వానిలో నూటికి 98కి పైగా 44 తూనికవే.

చెట్టు గాలినుండి ఈ వాయువును తీసికొనునపుడు తేలిక కార్బనమును కొంచెము ఎక్కువగా స్వీకరించును. అందుచేత చెట్టు నందలి కార్బనము గాలి నందలి దాని కంటె తేలిక. 1939లోనే అమెరికాలో ఆల్ఫ్రెడ్ నీర్, గల్‌బ్రాన్సన్ అనువారు సున్నపురాళ్లలో బరువు కార్బనము ఎక్కువ యనియు, చెట్లలో తక్కువ యనియు యంత్రముతో తూచి చూపిరి. ఇందును పైరు పైరునకు భేదమున్నది. మన శనక్కాయ మొక్క కార్బనము, ప్రమాణపు రాయితో పోల్చి చూచినచో, వేయికి సుమారు 27 పాళ్లు తేలిక. వరియు అట్టిదే. రాగి, జొన్న మొదలగునవి వేరొక మార్గమున ఆహారమును తయారుచేసికొనును గనుక వేయికి సుమారు 12 పాళ్లు మాత్రమే తేలిక. తిండిలోని కార్బనమే దేహమున చేరును; కాబట్టి నిత్యము రాగిముద్ద తినువాని తలవెంట్రుకను, వరియన్నము తినువాని తలవెంట్రుకను ఈ యంత్రమున పెట్టినచో ఎవరు దేనిని తినిరో చెప్పవచ్చును. పాఠశాల వసతిగృహములో పిల్లలు ముద్దను ఆకుక్రింద దాచి తిన్నామని చెప్పుట ఇక సాగదని నేను నవ్వులాటకు చెప్పుచుందును.

ఇక యంత్రము. మన కళ్లములలో తూర్పారబట్టుట అందరును చూచినదే. చేటనెత్తి పోయుదురు. గాలికి పొట్టు దూరముగా కొట్టుకొనిపోవును. గింజ దగ్గరనే పడును. ఒకే గాలి, ఒకే ఎత్తు. బరువు భేదముచేత వేర్వేరు చోట్ల పడుచున్నవి. ఈ యంత్రమున జరుగునదియు ఇట్టి తూర్పారబట్టుటయే. యంత్రము లోపల గాలినంతటిని పంపులచే తీసివేసి శూన్యము చేయుదురు. పరీక్షింపవలసిన వాయువును వెంట్రుక వంటి సన్నని గొట్టము గుండ లోనికి విడుతురు. ఎలెక్ట్రానుల ధార దానిని తాకి, ఒక్కొక్క అణువునుండి ఒక ఎలెక్ట్రానును రాల్చును. ఎలెక్ట్రాను పోయిన అణువునకు విద్యుదావేశము కలుగును. అపుడు కొన్ని వేల వోల్టుల బలముచే దానిని ముందునకు తరుముదురు. దారిలో పెద్ద అయస్కాంతము గలదు. ఆవేశము గల వస్తువు అయస్కాంతపు నడుమ తిన్నగా పోజాలదు, వంపు తిరుగును. తేలికది ఎక్కువ వంగును. బరువుది తక్కువ వంగును. 44, 45, 46 తూనికలవి మూడు వేర్వేరు దారులలో పోయి మూడు చిన్న గిన్నెలలో పడును. ఏ గిన్నెలో ఎంత విద్యుత్తు చేరినదో చూచినచో ఏ తూనికవి ఎన్ని వచ్చినవో తెలియును.

ఈ పద్ధతికి మూలపురుషులు కేంబ్రిడ్జిలోని జె. జె. థామ్సన్, ఆయన సహాయకుడు ఫ్రాన్సిస్ ఆస్టన్. నియాన్ వాయువున 20, 22 అను రెండు తూనికలు గలవని థామ్సన్ 1913 ప్రాంతమున కనుగొనెను. ఆస్టన్ 1919లో మెరుగైన యంత్రమును నిర్మించి, 1922లో నోబెల్ బహుమతి పొందెను. ఆ కథ పెద్దది, ఇచట విడిచెదను.

ఇంతవరకు సులభముగనే తోచును. కష్టమంతయు సూక్ష్మతలో నున్నది. ఎంత సూక్ష్మతయో లెక్కగట్టి చూపెదను. పై తరగతుల పిల్లలు నాతోపాటు లెక్క వేయవచ్చును. గాలి నందలి పది లక్షల కార్బన పరమాణువులలో బరువువి సుమారు 11,000. యంత్రయుగమునకు ముందటి గాలి అంటార్కిటికా మంచులో బుడగలుగా చిక్కుకొని యున్నది. ఆ గాలి ప్రమాణపు రాయి కంటె వేయికి సుమారు 6.5 పాళ్లు తేలిక. నేటి గాలి సుమారు 8.5 పాళ్లు తేలిక. భేదము వేయికి 2. పదకొండు వేలలో వేయికి రెండన్న 22. అనగా ఇన్ని కర్మాగారములు, ఇన్ని బండ్లు, ఇన్ని తరములు చేసిన పనికి గుర్తుగా పది లక్షల పరమాణువులలో ఇరువది రెండు లావు కవలలు తగ్గినవి! మంచి యంత్రము వేయికి 0.01 పాలు వరకు భేదమును గుర్తించును. అది కోటి పరమాణువులలో ఒకదాని ఎక్కువతక్కువను పసిగట్టుటతో సమానము. మన అంగడి తక్కెడలను తనిఖీ చేయువారు ఈ మాట విన్నచో ఏమందురో!

అంత సూక్ష్మత ఎట్లు వచ్చును? యంత్రము గొప్పతనము కొంత. పోలిక గొప్పతనము ఎక్కువ. గదిలో వేడి మారినను, విద్యుత్తు కొంచెము తొణికినను యంత్రము చెప్పు అంకె మారిపోవును. కాబట్టి దాని మాటను ఒంటిగా నమ్మరు. తెలిసిన ప్రమాణవాయువును కొంతసేపు, తెలియని వాయువును కొంతసేపు, మరల ప్రమాణమును, మరల తెలియనిదానిని, ఇట్లు మార్చి మార్చి లోనికి విడిచి, రెంటి భేదమును మాత్రమే తీసికొందురు. యంత్రము తప్పినను రెంటికిని ఒకే రీతి తప్పును గనుక భేదము నిలుచును. 1950 ప్రాంతమున ఈ విధానము స్థిరపడినది.

ఆ ప్రమాణమునకును ఒక మూలము కావలెను గదా! అమెరికాలో దక్షిణ కరోలైనా రాష్ట్రమున పీ డీ అను నది పేరుగల శిలాస్తరమున, బెలెమ్నైటు అను ప్రాచీన సముద్రజీవి యొక్క రాతిగా మారిన అస్థి దొరకినది. దానినుండి తీసిన వాయువును శూన్యముగా, అనగా మొదటి గీతగా, పెట్టుకొనిరి. ఆ రాయి చాలకాలము క్రిందటనే ఖర్చైపోయినది. అటుపిమ్మట వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ద్వారా పంచబడు వేరొక సున్నపురాయిని ఆధారము చేసికొని అదే కొలమానమును నిలుపుకొనుచున్నారు. రాయి పోయినను కొలత పోలేదు.

మరియొక చిక్కు నాకు మిక్కిలి ముచ్చట గొలిపినది. నైట్రస్ ఆక్సైడు అను వాయువు గలదు. నత్రజనులు రెండు, 14 చొప్పున 28, ఆమ్లజని 16, వెరసి 44! బొగ్గుపులుసు వాయువును గాలినుండి వేరుచేయుటకు ముందు తేమను చలిచే పట్టివేసి, పిదప మైనస్ 196 డిగ్రీల చలిగల ద్రవ నత్రజనిలో గొట్టమును ముంచి వాయువును మంచువలె గడ్డకట్టింతురు. నత్రజని, ఆమ్లజని దాటిపోవును. ఈ నైట్రస్ ఆక్సైడు మాత్రము తోడుగా గడ్డకట్టి, యంత్రములోనికి తోడుగా వచ్చి, 44 గిన్నెలో తోడుగా పడును. అది గాలిలో పది లక్షలకు మూడవ వంతు మాత్రమే. అయినను లెక్కను వేయికి 0.2 పాళ్లు చెరుపును. మనకు కావలసిన సూక్ష్మత 0.01. ఇరువది రెట్ల తప్పు! కనుక దాని పాలును వేరుగా కొలిచి తీసివేయుటయో, ముందే దానిని వేరుపరచుటయో చేయవలెను. ఇట్లే 45 గిన్నెలో 17 బరువు ఆమ్లజని గల అణువులు కొన్ని దూరును. వానిని 46 గిన్నె లెక్కచూచి తీసివేయుదురు.

ఇట్టి యోపిక గల మనుష్యుడు ఛార్లెస్ డేవిడ్ కీలింగ్. అంతకుముందు 1938లో ఇంగ్లండున కాలెండర్ అను ఆవిరియంత్రముల ఇంజనీరు పాత కొలతలను ప్రోగుచేసి, బొగ్గు కాల్చుటచే ఈ వాయువు పెరుగుచున్నదనెను. విన్నవారు తక్కువ. పాత కొలతలు ఊరికొక తీరున నుండుటయే అందుకు కారణము. 1955లో కీలింగు ఇరువది యేడేండ్ల యువకుడు. కాలిఫోర్నియాలో బిగ్ సర్ అను అడవి ప్రాంతమున గుడారమువేసి, కొన్ని గంటల కొకసారి రాత్రింబవళ్లు గాజుబుడ్లలో గాలి పట్టెను. ఆ వాయువును గడ్డకట్టించి, పాదరసపు కొలమానముతో మొత్తమును కొలిచెను. ద్రవ్యరాశి యంత్రముతో తూనికను చూచెను. రాత్రి వాయువు పెరుగుచున్నది, పగలు తగ్గుచున్నది. ఏ చోట చూచినను మధ్యాహ్నపు గాలి మాత్రము పది లక్షలకు 310 దగ్గర నిలకడగా నున్నది. ఊరికొక తీరు అను పాత మాట అంతటితో పోయినది.

రాత్రి పెరిగిన భాగము ఎచ్చటిది? ఇచట ఆయన చేసిన లెక్క మన వర్తకులకు బాగుగా తెలిసినదే. మీ బస్తాలో ఎంత కాయ, ఏ నాణ్యము గలది యున్నదో మీకు తెలియును. రాత్రి ఎవరో అందు కొంత కాయ కలిపిరి. తెల్లవారి మొత్తమును కొలిచి, సగటు నాణ్యమును చూచినచో, కలిపిన కాయ నాణ్యము లెక్కకు దొరకును. కీలింగు ఈ రీతిగనే లెక్కవేసి, రాత్రి కలిసిన కార్బనము చెట్ల కార్బనమంత తేలికయని తేల్చెను. చెట్లును నేలయును విడిచిన శ్వాసయే అది. ఈ ఫలితములను 1958లో ప్రకటించెను. ఆ మార్చి నెలలోనే మౌనా లోవాపై ఆయన యంత్రము పని మొదలిడినది. మొదటి అంకె 313. ఏటేట వసంతాంతమున వాయువు హెచ్చుట, శరత్తున తగ్గుట కనబడెను. అది ఉత్తరార్ధ గోళపు చెట్ల ఊపిరి. ఆ ఊపిరితోపాటు ఏటేట మొత్తము పైకి పోవుటయు కనబడెను. ఆయన 2005లో మరణించెను. కొలత నేటికిని సాగుచున్నది.

హవాయి మాట మన కెందుకు, మన గాలిని ఎవరు చూచిరని అడుగవచ్చును. చూచిరి. గోవా తీరమున కేప్ రామా అను కొండకొమ్ము గలదు. శ్రీరాముడు వనవాసమున అచట నిలిచెనని స్థానికులు చెప్పుకొందురు. 1993 మొదలు 2002 వరకు అచట గాజుబుడ్లలో గాలి పట్టి, ఆస్ట్రేలియాలో మెల్‌బోర్ను సమీపమున ఆస్పెండేల్ ప్రయోగశాలకు పంపి తూపించిరి. అహమ్మదాబాదు భౌతిక పరిశోధనశాలకు చెందిన ఎస్. కె. భట్టాచార్య మొదలగు మన శాస్త్రజ్ఞులును, ఆస్ట్రేలియా వారును కలిసి చేసిన పని యది. నైరుతి గాలి వీచు నెలలలో సముద్రముమీది స్వచ్ఛమైన గాలి వచ్చును. శీతకాలమున గాలి దిక్కు మారి దేశములోపలి గాలి వచ్చును. అపుడు బొగ్గుపులుసు వాయువు హెచ్చును. మన పొలములు, మన పొయ్యిలు, మన బండ్లు విడిచినది ఆ సీసాలో చిక్కినదన్నమాట.

ఇంకను దగ్గరకు వచ్చెదము. బెంగుళూరు భారతీయ విజ్ఞాన మందిరమున ప్రసేన్‌జిత్ ఘోష్, తానియా గుహ అనువారు శీతకాలమున వేర్వేరు వేళల గాలి పట్టి, చలిచే వాయువును వేరుచేసి, ద్రవ్యరాశి యంత్రమున తూచి, 2010లో ఫలితములను ప్రకటించిరి. శీతకాలపు రాత్రి నేలనంటిన గాలి పొర పలుచనై, పైగాలితో కలియక మూతవలె నిలుచును. నగరము విడిచిన వాయువు దాని క్రింద చేరి, పొద్దెక్కి గాలి కలియువరకు నిలిచియుండును. మన పిల్లలు బస్సెక్కిన నాలుగైదు గంటలలో చేరు ఊరది. ఆంధ్ర తెలంగాణములలో గాదంకి, షాద్‌నగరముల యందును ఈ వాయువును కొలుచు కేంద్రములు గలవు. షాద్‌నగరపు యంత్రము తూచునది కాదు, లేజరు కిరణముచే చూచునది.

ఇపుడు రైతు ప్రశ్నకు వత్తము. గాలిలో పెరిగిన కార్బనము తేలిక కార్బనమని తూనిక చెప్పినది. సముద్రమునుండి వచ్చినచో అంత తేలిక కానేరదు. అగ్నిపర్వతము కక్కినదియు అంత తేలిక కాదు. కనుక అది చెట్టునుండి వచ్చినది. ఏ చెట్టు? రాయచూరు విద్యుత్కేంద్రమున కాల్చుచున్న సింగరేణి బొగ్గు ఇరువది యైదు కోట్ల సంవత్సరములకు పూర్వపు చెట్టే. పెట్రోలునకును ప్రాచీన జీవులే మూలము. అయితే నేటి అడవిని నరికి కాల్చినను ఇదే గుర్తు పడును. కాబట్టి ఈ తక్కెడ యొక్కటే సాక్ష్యము చాలదు. మరియొక సాక్షి కావలెను. 14 బరువు గల కార్బనము రేడియోధార్మికము. 5,730 ఏండ్లకు సగమగును. కోట్ల యేండ్లు భూగర్భమున నున్న బొగ్గులో అది మిగిలియుండదు. చెట్ల వలయములలో 14 కార్బనము పలుచబడినదని హాన్స్ సూస్ 1955లో చూపెను. అనగా గాలిలో పురాతన కార్బనము కలియుచున్నది. ఇద్దరు సాక్షుల మాట యొక్కటైనది. సముద్రమును చెట్లును గాలితో నిత్యము మార్పిడి చేయుచుండుటచే అసలు లెక్క నేను చెప్పిన బస్తా లెక్కంత సులువు కాదు. శాస్త్రజ్ఞులు ఆ మార్పిడిని గూడ లెక్కలోనికి తీసికొందురు. తీర్పు మాత్రము మారలేదు.

అద్దములు గాలిని బాగుచేయునా? చేయవు. అవి గాలిలో నున్న దానిని ఒక్క పాలైనను తీసివేయవు. బొగ్గు కాల్చి చేయవలసిన విద్యుత్తును కాల్చకుండ చేయును, అంతవరకే. ఎంతవరకు? నేను స్థూలముగా లెక్కవేసితిని. ఆ క్షేత్రము ఏడాదికి 400 కోట్ల యూనిట్లు ఇచ్చుననుకొని, యూనిట్టునకు బొగ్గు విడుచు వాయువు కిలోకు కొంచెము తక్కువ యనుకొన్నచో, ఏడాదికి సుమారు 36 లక్షల టన్నులు మిగులును. ప్రపంచమంతయు బొగ్గు, నూనె, సహజవాయువుల వలన ఏడాదికి విడుచునది సుమారు 3,700 కోట్ల టన్నులు. అనగా మన 13,000 ఎకరములు ఆపునది పదివేలలో ఒక వంతు. దీనిని నేను ఆ రైతునకు దాచక చెప్పితిని. మన క్షేత్రమువలన కలిగిన భేదమును నేను వర్ణించిన తక్కెడలలో ఏదియు ప్రపంచపు గాలిలో వేరుగా చూపజాలదు. "అట్లైతే పదివేల తావుల అద్దాలు పరచల్ల" అని ఆయన లెక్కను పూర్తిచేసెను. నేను కాదనలేకపోతిని. శనక్కాయ వేయు నేల ఎంత మిగులునని కూడ ఆయన అడిగెను. దానికి నా వద్ద లెక్క లేదు.

ఆ బాలిక ఇపుడు పావగడలో ఉన్నత పాఠశాలకు పోవుచున్నది. పోయిన సంక్రాంతికి కనబడినపుడు, ఆనాడు నేను చెప్పినది తప్పని మరల యొకసారి ఒప్పుకొంటిని. "మా నాయన పుస్తకం ఇంకా పెట్టుకున్నాను సార్" అన్నది. ఆ పుస్తకమును ఆమె అనుమతితో మా గ్రంథాలయపు అలమరలో నేటి పుస్తకము ప్రక్కన ఉంచితిమి. ఏడవ తరగతి గోడపై తెల్లసున్నముతో ఒక పట్టిక గీయించితిమి. 1959: 316. 2024: 424. దాని క్రింద పది గడులు ఖాళీగా విడిచితిమి. ప్రతి యేడును ఆ తరగతి పిల్లలే అంకెను తెలిసికొని వ్రాయవలెను. సభానంతరము తాము ఆ గదిని చూడగోరుచున్నాను.